కాఫీ మిషనుకు ఎంత వేడి? మన గొంతుకు ఎంత వేడి?

పొద్దున్నే కాఫీ గొంతులో పడకపోతే కొందరికి కాలూ చెయ్యీ ఆడదు. ఆ కాఫీ కూడా ఎలా ఉండాలి? పొగలు కక్కుతూ ఉండాలి! గ్లాసు పట్టుకుంటే చెయ్యి చుర్రుమనాలి. గుక్క మింగితే నాలుక చురుక్కుమనాలి. "ఇదేం కాఫీ? చల్లారిపోయింది" అంటూ ఇచ్చిన గ్లాసును తిప్పి పంపే పెద్దమనుషులు మన ఇళ్ళలో చాలామందే ఉన్నారు.

ఇప్పుడు ఆ వంటింట్లోనే స్టీలు ఫిల్టరు పక్కన కొత్త వస్తువు ఒకటి వచ్చి కూర్చుంటోంది. అదే ఎస్ప్రెసో మిషను. పట్నాల్లోనే కాదు, చిన్న ఊళ్ళలో కూడా పిల్లలు సరదాపడి కొంటున్నారు. విదేశాల నుంచి సెలవులకు వచ్చేటప్పుడు మోసుకొస్తున్నవారూ ఉన్నారు. మొదటి వారం అందరికీ ముచ్చటగానే ఉంటుంది. ఆ తర్వాత మొదలవుతుంది గొడవ.

"ఏమ్మా, నిన్నటి కాఫీ పుల్లగా ఉంది, ఇవాళ్టిది కషాయంలా ఉంది, ఏమిటి సంగతి?" అని అడుగుతారు మామగారు.

"పొడీ అదే, పాలూ అవే మామయ్యగారూ! నేను మార్చిందేమీ లేదు" అంటుంది కోడలు.

ఇద్దరి మాటా నిజమే. మారింది పొడి కాదు, పాలూ కాదు. మిషనులోని వేడి మారింది. ఆ వేడి రోజుకొక రకంగా ఉంటే కాఫీ రుచి చెడుతుంది. రుచి చెడితే చక్కెర రెండు చెంచాలు ఎక్కువ పడుతుంది. కాఫీ బాగా లేకపోవడానికి కారణం చల్లారడమే అనుకుని మరింత మరగబెట్టి తాగడం మొదలవుతుంది. అప్పుడది రుచికి సంబంధించిన విషయంగా మిగలదు, ఆరోగ్యానికి సంబంధించిన విషయం అయిపోతుంది.

కాబట్టి ఈ వారం ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. కాఫీకి రెండు వేడులు ఉన్నాయి. ఒకటి మిషను లోపల పొడికి తగిలే వేడి. అది ఎక్కువగానే ఉండాలి, నిలకడగా ఉండాలి. రెండవది మీ పెదవికి తగిలే వేడి. అది తగ్గి తీరాలి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే చిక్కులన్నీ వస్తున్నాయి.

అసలు ఎస్ప్రెసో అంటే ఏమిటి?

మన ఫిల్టరులో వేడినీళ్ళు పొడి మీద పోస్తే డికాక్షను తన బరువుతో తాను నెమ్మదిగా కిందికి దిగుతుంది. ఎస్ప్రెసోలో అలా కాదు. మెత్తగా విసిరిన పొడిని చిన్న గిన్నెలో గట్టిగా అదిమి, దాని గుండా వేడినీళ్ళను బలమైన ఒత్తిడితో తోస్తారు. ఆ ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 9 రెట్లు. పని అరనిమిషంలో అయిపోతుంది.

ఇది ఇటలీ దేశస్థుల కాఫీ. అక్కడ 1998లో ఈ కాఫీ కోసమే ఏర్పడిన ఒక సంస్థ దీనికి కొలతలు నిర్ణయించింది. ఒక కప్పుకు 7 గ్రాముల పొడి. బయటికి వచ్చే నీటి వేడి 88 డిగ్రీలు, అటూ ఇటూ 2 డిగ్రీలు. సమయం 25 సెకన్లు. కప్పులో పడే కాఫీ 25 మిల్లీలీటర్లు. మిగతా దేశాలలో 90 నుంచి 96 డిగ్రీల దాకా నీళ్ళు వాడతారు. పొడి బాగా నల్లగా వేపినదైతే తక్కువ వేడి, లేత రంగులో వేపినదైతే కొంచెం ఎక్కువ వేడి మంచిది. ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెంటిగ్రేడులోనే అనుకోండి.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఎక్కడా నీళ్ళు మరిగే వేడి, అంటే 100 డిగ్రీలు, చెప్పలేదు. మరిగే నీళ్ళు కాఫీకి శత్రువులు. ఈ సంగతి తెలుసుకోవడానికి ఇటలీవారికే అర్ధ శతాబ్దం పట్టింది. 1901లో మిలాను నగరంలో లుయీజీ బెజ్జెరా పేటెంటు తీసుకున్న మిషను ఆవిరి బలంతో నీళ్ళను తోసేది. ఆ వేడికి పొడి మాడి, కాఫీ చేదెక్కేది. 1938లో అకిల్లే గాజ్జియా ఆవిరి లేకుండా కాఫీ తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. యుద్ధం ముగిసిన తర్వాత ఆయన మీటతో, స్ప్రింగుతో నీళ్ళను తోసే మిషన్లు తెచ్చాడు. 1961లో ఫాయెమా కంపెనీ ఇ-61 అనే మిషను తయారుచేసింది. ఆ ఏడాది వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణం గుర్తుగా ఆ పేరు పెట్టారు. అందులో బాయిలరులోని వేడినీళ్ళు పొడి బిగించే ఇత్తడి భాగం గుండా ఎప్పుడూ తిరుగుతూ, దాన్ని చల్లారనివ్వకుండా కాపాడతాయి. అరవై ఏళ్ళు దాటినా ఆ ఏర్పాటును ఈనాటి మిషన్లలో కూడా వాడుతున్నారు. వేడి నిలకడగా ఉండడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టే ఊహించుకోండి.

వేడి తగ్గితే పులుపు, పెరిగితే చేదు

కాఫీ గింజలో పుల్లటి పదార్థాలు, తియ్యటివి, చేదువి అన్నీ ఉంటాయి. పుల్లటివి తేలికగా నీళ్ళలో కలిసిపోతాయి. చేదువి, వగరువి ఆలస్యంగా దిగుతాయి. నీళ్ళ వేడి చాలకపోతే పులుపు మాత్రం దిగి, తక్కినవి పొడిలోనే ఉండిపోతాయి. వేడి మితిమీరితే చేదూ వగరూ కూడా ఊడ్చుకుని వచ్చేస్తాయి. మామగారు నిన్న చెప్పిన పులుపు, ఇవాళ చెప్పిన కషాయం ఇవే అన్నమాట.

"రుచి కొంచెం అటూ ఇటూ అయితే కొంప మునిగిందా?" అని మీరు అడగవచ్చు. చేదు కాఫీని మనం పారబోయం కదా! చక్కెర వేసి సరిపెట్టుకుంటాం. ఒక చెంచా చక్కెర సుమారు 5 గ్రాములు. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు మూడు కప్పులు తాగితే కాఫీ ద్వారానే 30 గ్రాములు లోపలికి పోయినట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం పైనుంచి కలుపుకునే చక్కెరలు మన మొత్తం ఆహార శక్తిలో పదో వంతు మించకూడదు. ఇరవయ్యో వంతుకు, అంటే రోజుకు సుమారు 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మంచిది. స్వీట్లు, బిస్కెట్లు, పండగ పిండివంటలు ఏవీ ముట్టకుండానే కాఫీతోనే ఆ గీత దాటుతున్నామన్నమాట. మధుమేహం ఇంటింటి చుట్టమైపోయిన ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. సరైన వేడిలో తీసిన కాఫీకి సహజంగానే కాస్త తియ్యందనం ఉంటుంది. రెండు చెంచాలు ఒక చెంచాకు, ఆ తర్వాత అర చెంచాకు దిగడం అప్పుడు కష్టం కాదు.

ఇంటి మిషనులో వేడి ఎందుకు ఊగిసలాడుతుంది?

కారణాలు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది థర్మోస్టాటు. మీ ఇస్త్రీపెట్టెలో దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది కదా, అక్కడ పనిచేసేది ఇదే. వేడి ఒక హద్దు దాటితే కరెంటు ఆపుతుంది, మరో హద్దుకు దిగితే మళ్ళీ ఇస్తుంది. ఆ రెండు హద్దుల మధ్య తేడా చవక మిషన్లలో ఒక్కోసారి పది డిగ్రీల దాకా ఉంటుంది. మీరు ఏ క్షణంలో మీట నొక్కారన్నదాన్నిబట్టి పుల్లకాఫీయో, చేదుకాఫీయో వస్తుంది. కొంచెం ఖరీదైన మిషన్లలో పి.ఐ.డి. అనే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటుంది. అది వేడిని క్షణక్షణం కొలుస్తూ, కావలసినంత కరెంటును కొద్దికొద్దిగా ఇస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టి మంటను తగ్గిస్తూ పెంచుతూ పక్కనే నిలబడిన ఇల్లాలి లాంటిది అది. థర్మోస్టాటు మాత్రం పొంగిన తర్వాత పరుగెత్తుకొచ్చే మనిషి లాంటిది.

రెండవది బాయిలరు చిన్నది కావడం. చాలా ఇంటి మిషన్లలో బాయిలరు పట్టేది ఒకటి రెండు గ్లాసుల నీళ్ళే. కాఫీ దిగుతుండగానే వెనుక నుంచి చన్నీళ్ళు లోపలికి వస్తాయి. వేడి పడిపోతుంది. వెంటవెంటనే నాలుగు కప్పులు తీస్తే నాలుగవ కప్పు మొదటి కప్పులా ఉండకపోవడానికి కారణం ఇదే.

మూడవది చల్లటి లోహం. పొడి నింపే పిడిగిన్నెను పోర్టాఫిల్టరు అంటారు. బాయిలరులో నీళ్ళు ఎంత వేడిగా ఉన్నా, ఈ గిన్నె చల్లగా ఉంటే ఆ వేడిని అదే తాగేస్తుంది. దీపం వెలిగింది కదా అని వెంటనే కాఫీ తీసేవాళ్ళు చేసే పొరపాటు ఇది. నీళ్ళు సిద్ధమైనాయనే ఆ దీపానికి అర్థం. ఇనుమూ ఇత్తడీ సిద్ధమైనాయని కాదు.

నాలుగవది ఆవిరి. పాలు నురగ తెప్పించడానికి ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలరు 120 డిగ్రీలు దాటాలి. కాఫీకి 90 చుట్టుపక్కల చాలు. ఒకే బాయిలరు ఉన్న మిషనులో రెండు పనులూ దానితోనే చేయించాలి. ముందు పాలు కాచి వెంటనే కాఫీ తీస్తే, ఆ నీళ్ళు పొడిని మాడ్చేస్తాయి.

అయిదవది మన కరెంటు. దీన్ని ఎవరూ అనుమానించరు. వేసవి సాయంత్రాలు చిన్న ఊళ్ళలో ఓల్టేజి 230 నుంచి 180కి దిగిందనుకోండి. హీటరు ఇచ్చే వేడి కూడా అదే పాళ్ళలో తగ్గుతుందని అనుకోకండి. లెక్క ప్రకారం అది సుమారు అరవై శాతానికి పడిపోతుంది. 1200 వాట్ల మిషను 735 వాట్ల మిషను అయిపోతుంది. తగ్గిన వేడిని మళ్ళీ అందుకోవడానికి దానికి చాలాసేపు పడుతుంది.

ఆరవది ఉప్పునీళ్ళు. బోరు నీళ్ళలో సున్నపు లవణాలు ఎక్కువ. కాచినకొద్దీ అవి తెల్లటి గారగా బాయిలరు గోడలకు, హీటరుకు పట్టుకుంటాయి. గీజరు విప్పినప్పుడు మీరు చూసే ఉంటారు. ఆ గార దుప్పటిలా అడ్డుపడుతుంది. వేడి నీళ్ళకు సరిగా చేరదు, కొలిచే సాధనానికి అసలు వేడి తెలియదు. ఏడాది కింద బాగా పనిచేసిన మిషను ఇవాళ మొరాయిస్తోందంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

మీరు చేయవలసిన పనులు

ఖరీదైన మిషను కొనమని నేను చెప్పబోవడం లేదు. ఉన్న మిషనునే ఇలా వాడి చూడండి.

మిషను ఆన్ చేశాక, పొడి వేయని పిడిగిన్నెను దానికే బిగించి పదిహేను ఇరవై నిమిషాలు ఉంచండి. ఇత్తడి భాగం పెద్దదైతే అరగంట కావాలి. ఈలోగా స్నానమో, పూజో ముగించుకోవచ్చు.

పొడి వేసే ముందు ఉత్త నీళ్ళు కొన్ని కప్పులోకి వదలండి. గిన్నె వేడెక్కుతుంది, కప్పూ వేడెక్కుతుంది, గొట్టంలో నిలిచిన నీళ్ళూ పోతాయి.

థర్మోస్టాటు మిషనైతే దీపాన్ని గమనించండి. దీపం వెలిగి ఆరిన తర్వాత ఇన్ని సెకన్లకు కాఫీ తీయాలని ఒక లెక్క పెట్టుకుని, రోజూ అదే లెక్క పాటించండి. వేడి ఊగుతున్నా, మీరు మాత్రం ఎప్పుడూ ఒకే చోట దాన్ని పట్టుకుంటారు.

ముందు కాఫీ తీయండి, తర్వాత ఆవిరి. ఆవిరి వాడాక మళ్ళీ కాఫీ కావాలంటే కొన్ని నీళ్ళు బయటికి వదిలి బాయిలరును చల్లబరచండి. మొదట ఉసూరుమంటూ ఆవిరితో వస్తాయి. మామూలు ధారగా మారేదాకా ఆగండి. ఆ సమయంలో చెయ్యి దూరంగా పెట్టుకోండి.

తొట్టిలో నీళ్ళు రోజూ మార్చండి. ఉప్పునీళ్ళు పోయవద్దు. అలాగని లవణాలు ఏ మాత్రం లేని నీళ్ళు కూడా కొన్ని మిషన్లకు పనికిరావు. నీటిమట్టం చూసే సాధనం వాటిని గుర్తించలేదు. మిషనుతో వచ్చిన పుస్తకంలో ఏ నీళ్ళు వాడమన్నారో చూడండి. గార తీయడానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలా మిషన్లకు పనిచేస్తుంది. కాని అల్యూమినియం భాగాలున్న మిషన్లకు తయారీదారు చెప్పిన మందే వాడాలి. గార తీసిన తర్వాత కనీసం రెండు తొట్ల మంచినీళ్ళు పోయించి కడగండి.

వేడి కొలిచి చూడాలనుకుంటే వంటకు వాడే థర్మామీటరు కొనండి. జ్వరం చూసే థర్మామీటరును మాత్రం కాఫీలో ముంచకండి. అది 42 డిగ్రీల దాకా కొలవడానికే చేసినది. గాజుదైతే పగిలి, అందులోని పాదరసం కాఫీలో కలుస్తుంది.

ఇక గొంతు సంగతి

ఇంతవరకు మొదటి వేడి గురించి చెప్పాను. ఇప్పుడు రెండవదానికి వద్దాం. అసలు ప్రమాదం ఉన్నది ఇక్కడే.

మనం మింగిన పదార్థం నోటి నుంచి జీర్ణకోశానికి అన్నవాహిక ద్వారా పోతుంది. దాని లోపలి పొర చాలా సున్నితమైనది. నాలుకకు చురుక్కుమన్న కాఫీని మనం గబుక్కున మింగేస్తాం. అప్పుడా వేడిని భరించవలసింది అన్నవాహికే. ఒకరోజు కాలితే ఆ పొర మళ్ళీ పుట్టుకొస్తుంది. కాని రోజూ, ఏళ్ళ తరబడి కాలుస్తూ ఉంటే, చచ్చిన కణాల స్థానంలో కొత్త కణాలు మాటిమాటికీ పుట్టవలసి వస్తుంది. అలా పుట్టే క్రమంలో ఎప్పుడో ఒకప్పుడు తప్పు జరిగే అవకాశం పెరుగుతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ ఫ్రాన్సులోని లియోను నగరంలో ఉంది. 2016లో ఆ సంస్థ పిలుపు మీద 23 మంది శాస్త్రజ్ఞులు సమావేశమై కాఫీ గురించి, వేడి పానీయాల గురించి అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించారు. వారు తేల్చినది రెండు మాటలు. కాఫీ కాన్సరు తెస్తుందనడానికి తగిన ఆధారాలు లేవు. కాని 65 డిగ్రీలు దాటిన వేడితో తాగే ఏ పానీయమైనా అన్నవాహిక కాన్సరుకు బహుశా కారణం కావచ్చు. అంటే దోషం కాఫీది కాదు, వేడిది!

ఇరాన్ దేశంలోని గొలెస్తాన్ ప్రాంతంలో టీ బాగా వేడిగా తాగే అలవాటుంది. అక్కడ సుమారు 50 వేల మందిని ఏళ్ళ తరబడి గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. 60 డిగ్రీలు, అంతకు మించిన వేడితో రోజుకు 700 మిల్లీలీటర్లు, ఆ పైన టీ తాగేవారికి, తక్కువగా, తక్కువ వేడితో తాగేవారికంటే అన్నవాహిక కాన్సరు వచ్చే అవకాశం 90 శాతం ఎక్కువగా కనిపించింది. అయితే భయపడిపోకండి. ఈ వ్యాధి అందరికీ వచ్చేది కాదు. పొగతాగడం, మద్యం దీనికి ఇంకా పెద్ద కారణాలు. కాని ఆ అలవాట్లు కూడా ఉన్నవారు, దానికి తోడు కాలే కాలే కాఫీ రోజుకు అయిదారుసార్లు తాగేవారు తప్పక ఆలోచించుకోవాలి.

మరి ఇటలీవారి ఎస్ప్రెసో కప్పులో ఎంత వేడి ఉంటుంది? పైన చెప్పిన సంస్థ కొలతల ప్రకారమే 67 డిగ్రీలు, అటూ ఇటూ 3. అంటే కప్పులో పడిన క్షణంలో అది కూడా హద్దుకు కాస్త పైనే ఉంది. ఒకటి రెండు నిమిషాలు ఆగితే చాలు. పాలు కలిపిన కాఫీ, అందునా పైన మందంగా నురగ ఉన్న కాఫీతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నురగ వేడిని బయటికి పోనివ్వదు. పెదవికి గోరువెచ్చగా తగులుతుంది, కిందనున్న కాఫీ మాత్రం నిప్పులా ఉంటుంది.

మన పెద్దవాళ్ళు గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి తిరగబోసి ఇచ్చేవారు. నురగ వచ్చేది, వేడీ తగ్గేది. మిషను వచ్చిందని ఆ మంచి అలవాటును అటకెక్కించకండి.

మింగేటప్పుడు ముద్ద అడ్డుపడుతున్నట్లుగా ఉండడం, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, గొంతు బొంగురు పోయి రెండు మూడు వారాలైనా తగ్గకపోవడం ఇలాంటివి ఉంటే ఇంటి వైద్యాలతో కాలయాపన చేయక డాక్టరుకు చూపించుకోండి. కారణం చాలాసార్లు చిన్నదే అయి ఉంటుంది. కాని చూపించుకోవడంలో ఆలస్యం మాత్రం పనికిరాదు.

పాల విషయంలో పొరపాటు వద్దు

మిషను ఆవిరితో పాలను 60, 65 డిగ్రీల దాకా వేడిచేస్తే చాలు, రుచి బాగుంటుంది. కాని ఇక్కడ ఒక మెలిక ఉంది. పాలలోని హానికరమైన సూక్ష్మజీవులు చావాలంటే 63 డిగ్రీల వేడిలో అరగంటైనా, 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లైనా ఉంచాలి. దీన్నే పాశ్చరైజేషను అంటారు. పాకెట్టు పాలకు ఈ పని డెయిరీలోనే చేస్తారు. పాలవాడు తెచ్చి పోసే విడి పాలకు ఎవరూ చేయరు. ఆ పాలను నేరుగా ఆవిరి గొట్టం కింద పెట్టి అరనిమిషం నురగ తెప్పిస్తే అవి కాగినట్లు కాదు. విడి పాలను ముందు పొయ్యి మీద పొంగు వచ్చేదాకా కాచి, చల్లార్చి, ఆ తర్వాత మిషనుకు వాడండి. గర్భవతులు, పసిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం. వాడిన వెంటనే ఆవిరి గొట్టాన్ని తడిబట్టతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలండి. లేకపోతే గొట్టంలో మిగిలిన పాలు పాడవుతాయి.

ఆవిరితో చెలగాటం వద్దు

మరిగే నీళ్ళకంటే ఆవిరి ప్రమాదకరం. ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడు 540 కేలరీల వేడిని వదులుతుంది. అదే ఒక గ్రాము మరిగే నీరు మన ఒంటి వేడికి చల్లారేటప్పుడు వదిలేది 63 కేలరీలే. కాఫీ దిగుతుండగా పిడిగిన్నెను ఎప్పుడూ విప్పకండి. లోపలి ఒత్తిడికి వేడి పొడి ముఖం మీద చిమ్ముతుంది. మిషను తీగ గట్టు మీంచి వేలాడకూడదు. పాకే పిల్లలు పట్టుకుని లాగుతారు. 60 డిగ్రీల నీరు పెద్దవాళ్ళ చర్మాన్ని సుమారు అయిదు సెకన్లలో లోతుగా కాల్చగలదు. 70 దగ్గర ఒక్క సెకను చాలు. పసిపిల్లల చర్మం ఇంకా పలచన. కలిపి పావుగంట అయిన కాఫీ కూడా వాళ్ళను కాల్చగలదు. బిడ్డను ఒడిలో పెట్టుకుని కాఫీ తాగవద్దు.

కాలితే ఏం చేయాలి? గాజులు, ఉంగరాలు వెంటనే తీసేసి, కాలినచోట కుళాయి నీళ్ళు ధారగా ఇరవై నిమిషాలు పోయండి. ఇరవై నిమిషాలు అంటే ఇరవై నిమిషాలే. అయిదు నిమిషాలతో ఆపకండి. ఐసు ముక్కలు, సిరా, టూత్‌పేస్టు, పసుపు, కాఫీపొడి ఏదీ పూయవద్దు. బొబ్బ చిదమవద్దు. శుభ్రమైన పలచని బట్ట కప్పండి. కాలినది పసిబిడ్డకైనా, ముఖం, చేతులు, కీళ్ళు, మర్మావయవాల మీదనైనా, గాయం అరచేతికంటే పెద్దదైనా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

కొన్ని సందేహాలు

వేడి ఎక్కువైతే కాఫీలో కెఫీను ఎక్కువవుతుందా? రెండు మూడు డిగ్రీల తేడాతో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. కెఫీను తేలికగానే నీళ్ళలో దిగుతుంది. చేదుగా ఉన్న కాఫీ స్ట్రాంగు కాఫీ అనుకోవడం అపోహ. కెఫీను ఎంత పోతుందన్నది పొడి ఎంత వేశారన్నదాని మీద, ఏ గింజ అన్నదాని మీద ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దలు రోజుకు 400 మిల్లీగ్రాములు, గర్భవతులు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది. ఒక చిన్న ఎస్ప్రెసోలో సుమారు 60 మిల్లీగ్రాములు ఉంటుందనుకుని లెక్క వేసుకోండి.

పుల్లగా ఉన్న కాఫీ తాగితే అల్సరు వస్తుందా? రాదు. మన జీర్ణకోశంలో ఉండే ఆమ్లం కాఫీకంటే ఎన్నో రెట్లు గాఢమైనది. అల్సర్లకు ముఖ్య కారణాలు హెలికోబాక్టరు అనే సూక్ష్మజీవి, నొప్పి మాత్రలు. అయితే కాఫీ తాగగానే గుండెల్లో మంట వచ్చేవారు మాత్రం అది ఎంత బాగున్నా తగ్గించుకోవలసిందే.

అమెరికా నుంచి మా అబ్బాయి తెచ్చిన మిషను ఇక్కడ వాడవచ్చా? ముందు దాని అడుగున రాసినది చూడండి. అక్కడి కరెంటు 120 ఓల్టులు, ఇక్కడ 230. నేరుగా పెడితే మిషను కాలిపోతుంది. తగిన సామర్థ్యం ఉన్న ట్రాన్స్‌ఫార్మరు లేకుండా పెట్టవద్దు. ఇక్కడ కొన్న మిషనుకైనా ఎర్తు ఉన్న పెద్ద ప్లగ్గే వాడండి. నీళ్ళూ కరెంటూ ఒక్కచోట ఉన్న వస్తువు కదా!

మా ఇంట్లో మిషను లేదు, ఫిల్టరే ఉంది. మాకేమైనా పనికొస్తుందా? తప్పకుండా. నీళ్ళు కళపెళా మరిగాక వెంటనే పోయకండి. దించి అరనిమిషం, ముప్పావు నిమిషం ఆగి పొడి మీద పోయండి. ఫిల్టరు పై గిన్నెను ముందే వేడినీళ్ళతో కడగండి. డికాక్షనును మాత్రం మళ్ళీ మరగబెట్టకండి. పాలు వేడిచేసి అందులో కలపండి. మిషను చేసే పనంతా ఇంతే!

చివరిగా ఒక్క మాట. రేపు ఉదయం కాఫీ చేతికి అందినప్పుడు, తాగే ముందు రెండు నిమిషాలు పక్కన పెట్టండి. పేపరులో మొదటి పేజీ చదవండి, లేదా ఇంట్లోవాళ్ళతో రెండు మాటలు మాట్లాడండి. అప్పుడు గుక్క వేయండి. నాలుక కాలనప్పుడే దానికి రుచి తెలుస్తుంది. నిన్నటిదాకా మీకు తెలియని తియ్యందనం అందులో కనిపిస్తే, మర్నాడు చక్కెర అర చెంచా తగ్గించండి. ఇంట్లో ఎవరైనా "కాఫీ చల్లారింది" అని గ్లాసు తిప్పి పంపితే కోప్పడకండి. ఈ పేజీ చేతిలో పెట్టి చదవమనండి. చదవడం పూర్తయ్యేసరికి ఆయన రెండో గ్లాసు కూడా తాగగలిగే వేడికి వచ్చేసి ఉంటుంది!